తేదీ కలిసింది, తీగ కలిపింది

1883 మే 24న ఈస్ట్ నది మీద బ్రూక్లిన్ వంతెన తెరిచారు. అప్పటికి న్యూయార్క్, బ్రూక్లిన్ వేర్వేరు నగరాలు. ఆ రోజే విక్టోరియా రాణి పుట్టినరోజు. అక్కడి ఐరిష్ జనం మండిపడ్డారు. ఆ రాణి ఏలుబడిలోనే కరువుకు అయినవాళ్లను పోగొట్టుకుని ఓడలెక్కిన వాళ్లు, వాళ్ల పిల్లలు! తేదీ మాత్రం మారలేదు. నన్నడిగితే వాళ్ల కోపం న్యాయమే.

ఆ రోజు వేడుకలో అధ్యక్షుడు ఆర్థర్, న్యూయార్క్ గవర్నరు క్లీవ్‌లాండ్ ఇద్దరూ ఉన్నారు. రెండేళ్లు తిరక్కుండానే ఆయన కుర్చీలో ఈయన కూర్చున్నాడు.

ఏడాదికి ఉన్నవి 365 రోజులే కాబట్టి ఇలాంటి తేదీల కలయికలు వెతికినకొద్దీ దొరుకుతాయి. నన్ను పట్టుకున్నది మరొకటి. వంతెన కట్టించిన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ ఆనాటి వేదిక మీద లేడు. వంతెనకు రూపమిచ్చిన తండ్రి జాన్ 1869లో రేవు దగ్గర కాలు నలిగి ధనుర్వాతంతో పోతే, కొడుకు ఆ భారం ఎత్తుకున్నాడు. నది అడుగున, ఒత్తిడితో గాలి నింపిన పెద్ద పెట్టెల్లోకి దిగి పునాదులు తవ్వించాడు. అక్కడి నుంచి పైకొచ్చేవాళ్లను పట్టే జబ్బు ఆయన్నూ పట్టింది. ఇక ఏళ్ల తరబడి ఇంటి కిటికీలోంచే పని చూసుకున్నాడు. ఆయన ఆదేశాలను పనిచోటికి చేరవేసింది, అందుకోసం ఇంజనీరింగు లెక్కలు నేర్చుకున్నది భార్య ఎమిలీ. ఆమె లేకపోతే ఆ వంతెన ఏమయ్యేదో!

వాషింగ్టన్ పుట్టింది 1837 మే 26న. సరిగ్గా నూరేళ్ల ఒక్క రోజుకు, 1937 మే 27న, శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన మీదికి జనాన్ని వదిలారు. తేదీలు అలా దగ్గరపడటం కాకతాళీయం. ఆ వంతెనను మోసే 80 వేల మైళ్ల ఉక్కుతీగ మాత్రం జాన్ రోబ్లింగ్ పెట్టిన కంపెనీదే. అది కాకతాళీయం కాదు, వంశం చేతిలో నిలిచిన విద్య.

ఈ వంతెనలకు ప్రాణాల వెల కూడా ఉంది. బ్రూక్లిన్ వంతెన పనిలో ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. గోల్డెన్ గేట్ కింద వల కట్టించారు. జారిపడిన 19 మందిని అది కాపాడింది. 1937 ఫిబ్రవరి 17న పరంజా కూలి ఆ వలనే చీల్చుకుపోయింది. పదిమంది కార్మికులు చనిపోయారు. వంతెన తెరవడానికి అప్పటికి 99 రోజులే ఉన్నాయి.