హిరణ్యకశిపుడూ ఏడ్చాడు

మా పత్రికలో వచ్చిన కథొకటి ఈమధ్య ఒక పోటీలో చివరి వడపోత దాకా వెళ్లి ఆగిపోయింది. బాధేం లేదు. (నమ్మరని తెలుసు.) న్యాయనిర్ణేతల్లో ఒకరన్న మాట మాత్రం మింగుడుపడటం లేదు: "తండ్రి కొడుకు ముందు అలా ఏడవడం మన నేటివిటీ కాదండీ."

రాముడు అడవికి పోతే ఏడ్చి ఏడ్చి ప్రాణమే వదిలిన దశరథుడిది ఏ ఊరో! ఆయన మెత్తనివాడంటారా, సరే, హిరణ్యకశిపుణ్ణే తీసుకుందాం. గురువుల దగ్గర్నుంచి వచ్చిన ప్రహ్లాదుణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల మూర్కొని, కన్నీళ్లతో తడిపి, ఏం చదువుకున్నావని అడిగాడాయన. వ్యాస భాగవతం సప్తమ స్కంధంలో ఉంది. ఏనుగులతో తొక్కించింది ఆ తర్వాత. 1932లో మన మొదటి టాకీ కూడా ఈ తండ్రీకొడుకుల కథే. మనకు గద గుర్తుండిపోయింది, తడిసిన తల గుర్తులేదు.

పసివాణ్ణి తండ్రి "నాన్నా" అని పిలుచుకునే భాష మనది. తన పిలుపే కొడుక్కి ఇచ్చేస్తాడు. మీసం మొలవగానే వెనక్కి లాక్కుంటాడు. ఇక "ఏరా", ఆపైన "వాడెక్కడ?". అప్పట్నుంచి ఇద్దరి మధ్యా అమ్మే తపాలా. హాస్టల్ నుంచి చేసినా డాలస్ నుంచి చేసినా ఫోను ఒకటే: "డబ్బులున్నాయా?" "ఉన్నాయి." "ఇదిగో, అమ్మకిస్తున్నా."

తండ్రే బేలపడితే ఇంటికి ధైర్యం ఎవరు చెప్తారంటారు, నిజమే, కాదనం.

ఆ ధైర్యం ఖరీదెంత? 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న ప్రతి వందమందిలో 70 మందికి పైగా మగవాళ్లు. అప్పు సంగతి ఇంట్లో చెప్పుకోలేక ప్రాణం తీసుకున్న రైతు మీద కథ రాస్తే శాలువా కప్పుతాం. అదే రైతు ముందురోజు రాత్రి కొడుకు భుజమ్మీద తలవాల్చి ఏడిస్తే మెలోడ్రామా! తండ్రి ప్రేమకు మొహంవాచిన కొడుకు తుపాకీ పట్టిన 'యానిమల్'కు 2023లో ఈలలు వేశాం. తీసిందీ మన తెలుగువాడే. చంపడానికి నేటివిటీ అడ్డురాలేదు. ఏడవడానికే వచ్చింది.

ఆ కథను ఈ సంచికలో మళ్లీ వేస్తున్నాం. తండ్రి ఏడుస్తుంటే ఏం చేయాలో తోచక కొడుకు లేచి ఫ్యాను వేగం పెంచుతాడు అందులో. ఆ వాక్యం తీసేయమని మొదటిసారి అచ్చువేసేటప్పుడు మేమే రచయితను అడిగాం. ఆయన తీయలేదు.