ఆకలి కూడా జీవశాస్త్రమే

మానసిక వ్యాధులకు జీవశాస్త్ర కారణాలు వెదకటమే అభివృద్ధి నిరోధకమని మన మిత్రులు కొందరి వాదం. వంశశుద్ధి పేరిట నాజీలు 1940-41లలోనే 70 వేలకు పైగా రోగులనూ వికలాంగులనూ చంపిన మాట నిజమే. అంతమాత్రాన ఆ శాస్త్రాన్ని వంశవాదులకే ధారపోద్దామా?

అదే నాజీలు 1944-45 చలికాలంలో పశ్చిమ హాలండుకు ఆహారం చేరకుండా అడ్డుకున్నారు. రోజు రేషను వెయ్యి కేలరీలకు దిగువకు పడిపోయింది. కరువు ముదిరిన ఆ రోజులలో తల్లి కడుపున పడినవారిలో స్కిజోఫ్రీనియా రెండింతలు కనిపించిందని 1996లో సస్సర్, లిన్ తదితరులు తేల్చారు. రెండు మూడు నెలల్లో ఒక జాతి వంశం మారిపోయిందా? మారింది పళ్లెంలోని తిండి.

చైనా మాట దాటవేయటం మనకు మర్యాద కాదు. 1959-61 కరువు గురించి అన్హుయ్ రాష్ట్రంలోని వుహు ప్రాంతంలో జరిగి, 2005లో వెలువడిన పరిశోధనలోనూ అదే రెండింతలు. ఆ కరువుకు ప్రభుత్వ విధానాలే ప్రధాన కారణం. ఏ జెండా నీడన మాడినా కడుపు కడుపే.

వంశపారంపర్యానికి పాత్ర లేదని మనం అనటం లేదు. కరువులో కడుపున పడినవారిలో అత్యధికులకు యీ వ్యాధి రానూ లేదు. కాని పూర్వజన్మ కర్మ అనీ, తల్లి పెంపకం లోపమనీ తీర్పు చెప్పేవారిని నిలదీయటానికి యీ సాక్ష్యం చాలు. గర్భిణికి వుచిత భోజనం హక్కని మన దేశంలో 2013 ఆహార భద్రతా చట్టం చెబుతున్నది. ఆ అన్నం కోసం పోరాటం రేపటి మెదడు కోసం పోరాటం కూడాను.