ఫోన్ వద్దంటే చాలదు, నేర్పండి



మన హాస్టల్లో సెల్‌ఫోన్ నిషేధం. అది తప్పని నేను అనను. కానీ దసరా, సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లగానే మనం చేసే పనేటి? అన్నయ్య ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం కొండెక్కడమే గదా! ఎలా వాడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈత నేర్పకుండా గెడ్డలోకి పంపినట్టుంది.

ముందు చూడడం సంగతి. ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే వస్తాది. మనం ఎంత ఎక్కువసేపు చూస్తే కంపెనీకి అంత ప్రకటనల డబ్బు. కాబట్టి అది ఆగదు, మనమే ఆపాలి.

రెండోది పంపడం. "ఒక్క వీడియో పంపితే ఏటౌతాది?" అంటారు. 2018 జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా అనే ఊళ్లో ఐదుగురు సంచార జాతి మనుషులను పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనుకుని జనం కొట్టి చంపేశారు. అలాంటి పుకార్లతో పాటు ఆ రోజుల్లో ఒక వీడియో తిరిగింది. మోటారు సైకిల్ మీద వచ్చినవాళ్లు పిల్లాణ్ణి ఎత్తుకుపోతారందులో. నిజానికది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల రక్షణ కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లాణ్ణి తిరిగి దింపేస్తారు. ఆ ముక్క ఎవరో కత్తిరించారు. కత్తిరించినవాడు ఒక్కడే, పంపినవాళ్లు లెక్కలేనంతమంది. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేస్తామని ప్రకటించింది. ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు అని తెలియని వీడియోను మనం పంపకూడదు.

మూడోది తీయడం. కిందటేడు మా ఊరి పండక్కి వచ్చిన టూరిస్టులెవరో మేం థింసా ఆడుతుంటే తీసి, అడక్కుండా పెట్టేశారు. దాని కింద జనం రాసిన మాటలు చదివి మా అక్క రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు. ముఖం ఆమెది, ఆట ఆమెది. అడగాల్సింది ఆమెనే గదా?

అలాగని మనం తీయడం మానేయాలా? నేనొప్పుకోను. మన ఆట, మన భాషలో అవ్వ చెప్పే కథ, రాగులు దంచే పద్ధతి బయటివాళ్ల కంటే మనమే బాగా చూపించగలం. కాకపోతే కొన్ని కట్టుబాట్లు ఉండాలి. అడిగాకే తీయాలి, వద్దంటే చెరిపేయాలి. స్కూలు పేరు, ఊరి పేరు, బ్యాడ్జీ కనపడకూడదు. స్నానాల గది, పడకల దగ్గర కెమెరా ఎత్తకూడదు. 18 ఏళ్ల లోపువాళ్ల అసభ్య వీడియో తీసినా, పంపినా, దాచుకున్నా ఐ.టి. చట్టం 67బి సెక్షన్ కింద నేరమే. ఫొటో చూపించి ఎవరైనా బెదిరిస్తే డబ్బివ్వొద్దు, సిగ్గుపడి దాచొద్దు. మేడంకి చెప్పండి. పిల్లల కోసం 1098, సైబర్ నేరాలకు 1930 నంబర్లున్నాయి.

ఏదైనా జరిగితే పైవాళ్లు అడిగేది వార్డెన్ గారినే, ఆయన భయం న్యాయమే. అందుకే ఫోన్లిమ్మని అడగడం లేదు. శనివారం ఒక్క గంట కంప్యూటర్ గదిలో, మాస్టారి ఎదుటే, చూడడం, సరిచూడడం, తీయడం నేర్పమంటున్నాం. సంక్రాంతి సెలవుల్లోపే మొదలెడితే మేలు.

మీరేమంటారు? పక్కన తెల్లకాగితం అంటించాం, రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని