గోడమీది పాఠము

చార్మినారునకు దక్షిణముగా నున్న శాలిబండలో ప్రొద్దుగ్రుంకిన పిమ్మట పాతయిండ్ల వసారాలలో దీపములు వెలుగును. వెలుగునకు మూగిన పురుగులకొరకు బల్లి నిట్టనిలువు గోడపై పరుగిడును. కప్పునంటి తలక్రిందుగా నిలుచును. ఆ దీపముక్రిందనే విద్యార్థి "చలనము జీవలక్షణము" అని వల్లె వేయుచుండును. తలయెత్తి చూడడు, చూడుమని చెప్పినవారును లేరు.

బల్లిని గోడకు పట్టియుంచునది జిగురు కాదు. దాని వ్రేళ్ళక్రింద కంటికగపడని రోమములు లక్షలకొలదిగా నుండి, కొనలయందు మరల చీలియుండును. అవి గోడను సమీపించినపుడు అణువులమధ్య కలుగు స్వల్పాకర్షణయే బల్లిని మోయును. శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగములతో నిరూపించినది 2000, 2002 సంవత్సరములలో మాత్రమే. ఇంటింట నున్న ప్రాణి రహస్యము అంతకాలము దాగియుండెను!

పగలు ఆకసమున గద్ద రెక్కలాడింపకయే పైకి పోవును. ఎండకు కాగిన నేలనుండి ఎగయు వేడిగాలియే దానికి మెట్లు. వాన వెలిసిన పెరటిలో వానపాము ఒడలు సాచి, కుదించి ముందుకు జరుగును. ఎముకలు లేని దానికి దేహద్రవమే ఎముకలపని చేయును. మొక్కలు కదలవని నమ్మిన బాలుడు అత్తిపత్తిని తాకవలెను. కండరము లేకున్నను ఆకు ముడుచుకొనును. కాడ మొదట నున్న కణములనుండి నీరు తొలగుటయే కారణము.

మీరాలం చెరువు చెంత 1963లో తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఉన్నదిగదా, బాలురను ఒకనాడు అచటికి గొనిపోయిన చాలదా యని కొందరందురు. కొనిపోవలసినదే. కాని పులిని చూచిన ఆశ్చర్యము ఒకనాటిది. చూచుట అలవాటు కావలెనన్న ప్రతిదినము కంటబడు ప్రాణియే గురువు.

చూచుటయు సులభము గాదు. పరుగిడు గుఱ్ఱమును మానవుడు వేలయేండ్లు చూచెను. అది నాలుగుకాళ్ళు చాచి గాలిలో తేలునట్లు చిత్రకారులు వ్రాసిరి. 1878లో అమెరికాలో మైబ్రిడ్జి వరుసగా తీసిన ఛాయాచిత్రములు వేరొక సత్యమును చూపినవి: నాలుగు పాదములును నేల విడుచుట నిజమే, కాని అపుడవి పొట్టక్రిందికి ముడిచియుండును. నిర్వచనము కంఠస్థము చేసినవాని కిట్టి సందేహమే పుట్టదు.

కావున ఉపాధ్యాయులు చలనపాఠమును పుస్తకముతో ప్రారంభింపరాదు. ప్రతి విద్యార్థియు ఒక ప్రాణిని వారముదినములు చూచి, ఏ అవయవము ముందు కదలినదో, దేనిని ఊతగా గొన్నదో తన మాటలలో వ్రాసికొని రావలెను. తప్పు వ్రాసినను మేలే. మరల చూచి దిద్దుకొనును. వల్లించిన పాఠము పరీక్షతో ముగియును. చూడనేర్చినవానికి గోడమీది బల్లి ప్రతిసంధ్యయు క్రొత్త ప్రశ్న వేయుచునే యుండును.