ఎండ కాసే నేలలో ‘డి’ కొరత

నెల్లిమర్ల: ఏడాదిలో అధిక భాగం ఎండ కాసే ప్రాంతంలో ‘డి’ విటమిన్ కొరవడుతుందంటే నమ్మశక్యం కాదు. కానీ తిరుపతి స్విమ్స్ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో పట్టణవాసుల్లోనే గాక గ్రామీణుల్లోనూ ఈ లోపం విస్తృతంగా బయటపడింది.

వణుకు వ్యాధి పార్కిన్సన్స్ బాధితుల్లో పరిస్థితి మరింత క్లిష్టం. అదే ఏడాది అమెరికాలోని ఎమోరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పార్కిన్సన్స్ రోగుల్లో 55 శాతం మందికి, అల్జీమర్స్ రోగుల్లో 41 శాతం మందికి, ఈ వ్యాధులు లేనివారిలో 36 శాతం మందికి ఈ విటమిన్ చాలడం లేదని తేల్చారు. అయితే ఏది కారణమో, ఏది ఫలితమో నేటికీ తేలలేదు. నడక తడబడే వృద్ధుడు గడప దాటడు. దాటనివాడికి ఎండ తగలదు. మాత్రలతో నాడీకణాల క్షీణత ఆగుతుందనడానికి గట్టి రుజువులూ లేవు.

అలాగని కొరతను ఉపేక్షించరాదు. ఈ రోగులు తరచూ తూలి పడతారు. ఎముకలు బలహీనమైతే తుంటి విరిగి మంచాన పడతారు. అసలు నష్టం ఇక్కడే.

ఉదయపు లేత ఎండ చాలన్నది పలువురి నమ్మకం. పగలు 11 నుంచి 2 గంటల నడుమ ఎండే ఇందుకు ఉపకరిస్తుందని తిరుపతి పరిశీలనల్లో తేలింది. వడగాల్పుల వేళ వృద్ధులను వాకిట కూర్చోబెట్టడం మాత్రం కుదిరే పని కాదు. 60 వేల యూనిట్ల పొట్లాలను సొంతంగా కొని నెలల తరబడి వాడితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. నెల్లిమర్లలోనే మిమ్స్ బోధనాసుపత్రి ఉన్నందున, ముందు రక్తపరీక్ష చేయించుకుని వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడటం మేలు.