మాటలు లేని కచేరీ

వరంగల్లులోని మన కళాశాల వార్షికోత్సవములో ఈ దృశ్యము అందరకును పరిచితమే. ముషాయిరా సాగుచుండగా తెలుగు విద్యార్థులు వెలుపల తేనీరు సేవించుచుందురు. కవి సమ్మేళనము మొదలుకాగానే ఉర్దూ విద్యార్థులు లేచిపోవుదురు. ఇందు ద్వేషము లేదు. భాష అందకపోవుటయే కారణము. ఇరుపక్షములకును కొత్తదైన సంగీతమును ఒక్కచోట కూర్చుండి వినుట మేలని మా అభిప్రాయము.

మేము కోరునది మెండెల్సన్ వయొలిన్ కన్చెర్టో. ఆర్కెస్ట్రా అంతయు ఒకవైపు, ఒంటరి వయొలిన్ ఒకవైపు నిలిచి జరుపు సంభాషణ అది. 1838లో తలపెట్టి 1844లో ముగించిన ఆ రచనను 1845 మార్చి 13న లైప్‌జిగ్ నగరములో ఫెర్డినాండ్ డేవిడ్ తొలిసారి వాయించెను. మూడు భాగములున్నను నడుమ విరామము లేదు. మొదటి భాగము ముగియగానే బసూన్ అను ఊదువాద్యము ఒక్క స్వరమును విడువక పట్టి, వినువారిని రెండవ భాగములోనికి కొనిపోవును. అడుగడుగునకు 'వాహ్వా', 'శభాష్' అను మనకు ఆ మౌనము మంచి శిక్షణ.

"పరదేశి సంగీతము మనకేల?" అని కొందరు అడుగవచ్చును. వయొలిన్ పరదేశిది కాదా? దానిని కర్ణాటక సంగీతములోనికి తెచ్చినవారిలో బాలుస్వామి దీక్షితులు ప్రసిద్ధులు. విజయనగరములో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దానిని తెలుగువారి సొత్తుగా చేసిరి. 1952లో మన దేశమునకు వచ్చిన యెహూదీ మెనుహిన్ మద్రాసులో ద్వారం వారి వాదనమును విని మెచ్చుకొనెను. ఒకరు నిలిచి వాయించిరి, ఒకరు నేలపై కూర్చుండి వాయించిరి, వాద్యము ఒక్కటే.

మరియొక సంగతి. మెండెల్సన్ యూదు కుటుంబమున జన్మించినవాడు. ఆ ఒక్క కారణముచేత నాజీలు అతని సంగీతమును నిషేధించిరి. 1936లో లైప్‌జిగ్‌లోని అతని విగ్రహమును తొలగించిరి. ఆ పాలన పోయినది, ఆ సంగీతము నిలిచినది. 2008లో ఆ నగరములోనే విగ్రహము తిరిగి వెలసినది. అల్పసంఖ్యాకుల కళాశాలలో చదువుకొను మనకు ఈ చరిత్ర తెలియవలదా?

ఆర్కెస్ట్రాను ఇచటికి రప్పించు స్తోమత మనకు లేదు. మంచి ధ్వనిముద్రణ, రెండు స్పీకర్లు, అరగంట నిశ్శబ్దము చాలును. రానున్న వార్షికోత్సవమున ముషాయిరాకు, కవి సమ్మేళనమునకు ముందు ఆ అరగంటను కేటాయింపవలసినదిగా కళాశాల కమిటీ వారిని కోరుచున్నాము. విన్న పిదప, తనకేమి తోచినదో ఉర్దూ విద్యార్థి తెలుగులోను, తెలుగు విద్యార్థి ఉర్దూలోను చెప్పుటకు యత్నించునుగాక. తప్పులు దొర్లిన నవ్వుకొందము. ఆనాడు మాత్రము ఎవరును లేచిపోరు.