తుపాకి పెట్టె ఎక్కడ పెట్టాలి?

ఇంట్లో తుపాకి ఎక్కడ పెట్టాలన్నది మగవాళ్ళు దొంగని తలుచుకుని తేలుస్తారు. నన్నడిగితే అది ఇంట్లోవాళ్ళని తలుచుకుని తేల్చాల్సిన సంగతి. దొంగ ఎప్పుడో ఒకసారి వస్తాడు, అసలు రాకపోవచ్చు కూడా. పదిహేడేళ్ళ పిల్లాడు, వాడి కోపం, పెద్దాయన మతిమరుపు, సెలవులకొచ్చే ఆడపడుచు పిల్లలు... వీళ్ళంతా రోజూ ఇంట్లో తిరిగేవాళ్ళు.

"మామూలు ఇళ్ళల్లో తుపాకులెక్కడివమ్మా" అంటారేమో. మా పటాన్‌చెరు వైపు అంత వింతేం కాదు. చుట్టూ ఫ్యాక్టరీలు, బ్యాంకులు, డబ్బు మోసే వ్యాన్లు. మిలిటరీలో చేసి వచ్చినవాళ్ళు లైసెన్సు తీసుకుని, ఒక డబుల్ బ్యారెల్ కొనుక్కుని గన్‌మన్‌గా చేరతారు. తుపాకి సొంతంగా ఉంటేనే ఆ ఉద్యోగం సులువుగా దొరుకుతుంది. యెద్దుమైలారంలో యుద్ధ వాహనాలు చేసే ఫ్యాక్టరీ, భానూరులో క్షిపణులు చేసే బీడీఎల్ ఉన్న ప్రాంతం మాది. ఆ గేట్ల లోపల వాటికి కాపలా ఉంటుంది, రిజిస్టరు ఉంటుంది. ఇంట్లో ఉన్నదానికి కాపలా అయినా, రిజిస్టరైనా ఇల్లాలే.

మా మామయ్య అలాగే సైన్యం నుంచి వచ్చి ఏళ్ళ తరబడి ఓ బ్యాంకు గేటు దగ్గర నిలబడ్డారు. ఉద్యోగం మానేశాక పన్నెండు బోరు తుపాకి కాన్వాస్ సంచిలో ఆయన మంచం కిందికి చేరింది. పెట్టె చేయిద్దామంటే, "నా మంచం కింద ఉన్నదాన్ని ఎవడు ముట్టుకుంటడు బిడ్డా?" అన్నారు. ఆ ధీమా నాకు అర్థమవుతుంది. కానీ ఆయన మధ్యాహ్నం రెండు గంటలు ఒళ్ళు మరిచి నిద్రపోతారు.

సరే, పెట్టె చేయించాలని ఒప్పించాక ఎక్కడ పెట్టాలన్న పంచాయితీ మొదలైంది. బీరువాలో అన్నారు మావారు. బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు, చీరల మడతల కింద! పైగా నాలుగడుగుల తుపాకి లోపలి లాకర్లో పట్టదు. వంటింటి సజ్జ మీద అంటే ఆవిరికి ఇనుము తుప్పు పడుతుంది, తూటాలేమో పొయ్యికి దగ్గరవుతాయి. దేవుడి గదిలో అన్నారు మామయ్య. దసరాకి ఆయుధ పూజ చేసుకుంటాం కాబట్టి అదే సరైన చోటని ఆయన వాదన. దీపం వెలిగే చోటని నేను ఒప్పుకోలేదు. ఇంకో కారణం కూడా ఉంది. పూజ రోజున బొట్టుపెట్టిన తుపాకిని పిల్లలకి చూపించి, ముట్టుకోనిచ్చి, ఫోటోలు తీసే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది. ఆయుధం మీద భక్తి ఉండొచ్చు కానీ చనువు ఉండకూడదు.

చివరికి మా పడకగదిలో, తలుపు వెనక, కాంక్రీటు గోడకి బోల్టులు దిగ్గొట్టి బిగించాం. బిగించని పెట్టెని పెట్టెతో సహా ఎత్తుకుపోతారు. అద్దె ఇళ్ళవాళ్ళకి గోడకి రంధ్రం పెట్టాలంటే ఓనరుతో తంటా, ఎందుకో చెప్పాలి కూడా. అలాంటివాళ్ళకి ఒక ఉపాయం. డబుల్ బ్యారెల్‌ని గొట్టాలు, కింది చెక్క, మడమ భాగం అని మూడు ముక్కలుగా విడదీయొచ్చు. పొట్టి పెట్టెలోనే సరిపోతుంది, ఎవరి చేతికి ఒక ముక్క చిక్కినా అది తుపాకి కాదు.

నా దృష్టిలో చోటు కంటే తాళంచెవులు ముఖ్యం. తుపాకి పెట్టె చెవి మామయ్య దగ్గర, తూటాల డబ్బా వేరే గదిలో, దాని చెవి నా దగ్గర. ఇద్దరం కలిస్తే తప్ప ఆ తుపాకి నిండదు. "నా మీద నమ్మకం లేదా?" అని మామయ్య రెండు రోజులు మాట్లాడలేదు. నమ్మకం సంగతి కాదిది. 2019 ఏప్రిల్లో ఇంటర్ ఫలితాలప్పుడు ఎందరు తల్లులకి కడుపుకోత మిగిలిందో మనమంతా చూశాం. మావాడు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పిల్లలకి వచ్చే ఆ చీకటి ఘడియ చాలాసార్లు కాసేపే ఉంటుంది. ఆ కాసేపట్లో చేతికి ఏమీ అందకపోతే, ఈలోగా ఎవరో ఒకరు తలుపు తట్టి "అన్నం తిందువు రా" అంటే ఘడియ దాటిపోతుంది. ఆ కాసేపు సంపాదించడానికే నా రెండో తాళం.

అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేదీ ఇదే. తుపాకి ఖాళీగా, తాళంలో, తూటాలు వేరేచోట తాళంలో ఉండాలంటారు. అక్కడ మనవాళ్ళు కూడా కొనుక్కుంటున్నారు. 2024 నవంబరులో అట్లాంటాలో చదువుకుంటున్న మన తెలంగాణ కుర్రాడొకడు తన తుపాకి శుభ్రం చేసుకుంటుంటే పేలి చనిపోయాడు. మన 2016 ఆయుధాల నిబంధనలు కూడా లైసెన్సు అడిగేవాళ్ళు భద్రంగా దాచుకుంటామని రాసివ్వాలంటాయి. ఆ కాగితం మీద సంతకం మగవాళ్ళదే. ఇంట్లో దాన్ని నడిపించే మనిషిని ఎవరూ ఒక మాట అడగరు.

ఎన్నికలప్పుడు కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించమంటారు. 2023 చివర్లో అసెంబ్లీకి, 2024లో లోక్‌సభకి మా పెట్టె ఖాళీ అయింది. ఆ వారాల్లో మా ఇంటికి తక్కువైంది ఏమీ లేదు. నాకైతే నిద్ర ఎక్కువైంది.

లైసెన్సు ఇప్పుడు ఐదేళ్ళకోసారి రెన్యూవల్. మాది వచ్చే ఏడాది వస్తుంది. ఈమధ్య మామయ్య గ్యాస్ కట్టేశానని చెప్పి మరిచిపోతున్నారు, మా అబ్బాయిని వాళ్ళ నాన్న పేరుతో పిలుస్తున్నారు. రెన్యూవల్ వద్దు, ఠాణాలోనో లైసెన్సున్న దుకాణంలోనో అప్పగించేద్దామని నేనన్నాను. మావారు తల దించుకున్నారు. ఆయనకి అది ఇనుము కాదు, వాళ్ళ నాన్న యూనిఫారం. మామయ్యకి ఎవరు చెప్పాలన్నది ఇంకా తేలలేదు. మావారు చెప్పకపోతే సంక్రాంతి తర్వాత నేనే కూర్చోబెట్టి చెబుతాను.